మీకు సరిపోతుంది

పళ్ల డాక్టరుగారైన మేనల్లుడికి,

నరం తీసిన నా దవడపంటిలో మొన్న నువ్వు పూడ్చింది ఉత్త సిమెంటని నీ కాంపౌండరే చెప్పాడు. పుస్తకాలు తిరగేశాను. నరం తీసిన పన్ను పెళుసట. సిమెంటైతే ఏడాదికే అరుగుతుందట, కాంపోజిట్ నింపి పైన తొడుగు వేస్తే ఇరవై ఏళ్లు నమలొచ్చట.

"ఇదెన్నాళ్లుంటుందిరా?" అని అడిగితే, "మీకు సరిపోతుంది మామయ్యా" అన్నావు. మరో మాట రాకుండా నోట్లో దూది కుక్కావు.

నువ్వు లెక్కకట్టింది పంటి ఆయుష్షా, నాదా? ఎక్స్‌రేలో ఇంకేం చూశావు? మీ అమ్మకేమైనా చెప్పావా? నిన్న ఫోనులో, "అన్నయ్యా, వేళకి తింటున్నావా?" అంది. ఇంటి వాటాల గొడవ తర్వాత అది నన్ను అన్నయ్యా అని పిలవడం ఇదే మొదలు.

సోమవారం వస్తున్నాను. ఇరవై ఏళ్లదే వెయ్యి. వెయ్యనంటే, ఎందుకో నా మొహం చూసి చెప్పు.

మామయ్య