సంతకం ఒక్కటే మిగిలిన పర్మిట్టు

వృత్తి లైసెన్సుల అధికారి గారి సముఖమునకు లిఫ్టు మెకానిక్కు సమర్పించుకొను అర్జీ.

విషయం: లైసెన్సు కార్డు వచ్చేదాకా పని చేసుకొనుటకు తాత్కాలిక పర్మిట్టు ఈ పూటే ఇప్పించుట గురించి.

అయ్యా,

1. నేను పరీక్ష ప్యాసయితిని. కార్డు వచ్చేలోగా తాత్కాలిక పర్మిట్టు ఇస్తామని తమ గుమాస్తా సెలవిచ్చిరి. అందుకు నేను పనిలో ఉన్నట్టు యజమాని ఉత్తరం తేవాలట. పర్మిట్టు చూపితే గాని ఉత్తరం ఇవ్వనని యజమాని. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు. ఆ సామెత తమ కార్యాలయంలోనే పుట్టి ఉంటుందని నా మనవి.

2. యజమాని కాళ్ళావేళ్ళా పడి ఉత్తరం తెచ్చితిని. "సారు సంతకం ఒక్కటే మిగిలింది, రేపు రావయ్యా" అన్నాడు గుమాస్తా. ఆ రేపు ఇంతవరకు తెల్లారలేదు.

3. పోయిన వారం తమ లిఫ్టు తలుపు కీచుమంటుంటే ప్రాణం ఒప్పక స్క్రూ బిగించబోయాను. తమరు అందరి ముందూ "పర్మిట్టు లేకుండా చెయ్యి వేస్తే కేసు పెట్టిస్తా, దొంగ మెకానిక్కు వెధవా!" అన్నారు. వెధవ అన్నందుకు బాధ లేదు. దొంగ మెకానిక్కు అన్నారు చూడండి, ఆ మాటకు రెండు పూటలు అన్నం సయించలేదు.

4. ఈ సాయంత్రంలోగా పర్మిట్టు చూపకపోతే నా చోట ఇంకొకణ్ణి పెట్టుకుంటానని యజమాని తేల్చేశాడు. "ఆ ఆఫీసులోనే మంచం వేసుకో, ఉత్త చేతులతో ఇంటికి మాత్రం రాకు" అంది నా భార్య. ఆఫీసు భాష పక్కనపెట్టి చెబుతున్నా, నాకు భయంగా ఉందండీ.

కావున జతపరచిన పర్మిట్టు కాగితం మీద ఉన్నపళంగా సంతకం చేసి నా మొర చిత్తగించవలెను.

సాయంత్రం దాకా మాత్రమే
తమ విధేయుడు,
లిఫ్టు మెకానిక్కు

తా.క.: తమరు మూడో అంతస్తుకూ నాలుగో అంతస్తుకూ మధ్య ఇరుక్కుని ఉన్నందున ఈ అర్జీని తలుపు సందులోంచి పంపుతున్నాను. పర్మిట్టు కాగితం తమ గుమాస్తాయే ఫైలులోంచి తీసుకుని పరుగెత్తుకొచ్చాడు. ఈసారి రేపు రమ్మనలేదు. లోపల గాలి ఆడుతుంది, లిఫ్టు కింద పడదు, తలుపు బాదకండి. లైసెన్సున్న మెకానిక్కు పొరుగూళ్ళో ఉన్నాడట, రేపు వస్తాడట. నేను మాత్రం పనిముట్ల సంచీతో తలుపు ఇవతలే నిలబడి ఉన్నాను. "ఎవడో ఒకడు తియ్యండ్రా!" అని తమరు అరవడం వినిపిస్తూనే ఉంది. పర్మిట్టు లేకుండా చెయ్యి వేస్తే కేసు పెడతారు కదండీ. పెన్ను లేకపోతే చెప్పండి, ఇదే సందులోంచి నాది పంపుతాను. సంతకం ఒక్కటే మిగిలింది.