తాతకు తాత ముఖం

మా తాతకు తాతవైన నీకు,

నాగలి పట్టడం రానందుకు, నీ ఎడ్ల కొట్టంలో ట్రాక్టరు నిలిపినందుకు, కరీంనగర్‌లో కోచింగ్ మీద కోచింగ్ తీసుకుంటూ ఏ ఉద్యోగమూ సంపాదించనందుకు వంగి వంగి క్షమాపణ వేడుకుంటున్నాను. బాధేమీ లేదు, మర్యాదకు అడుగుతున్నాను.

ఈరోజు చొప్పదండి దగ్గరి మన చెలకలో నీ సమాధికి కొత్త రాయి నిలబెట్టాం. చనిపోయిన తమ్ముడి పిల్లలను నీ పిల్లలతో కలిపి సాకావనీ, అందరూ తిన్నాకే నువ్వు జొన్న గటక ముందు కూర్చునేవాడివనీ దానిమీద చెక్కించారు. ఫోటో కోసం మాత్రం తాత ఏడాదిగా నా ప్రాణం తీశాడు.

"ముఖం దొరికిందా బిడ్డా? నేను పోయేలోపు ఒక్కసారి సూడాలె."

"ఆయన కాలంల సెల్ఫీలు లేకుండె తాతా."

"ఎకసెక్కాలు బంద్ వెట్టి జర దేవులాడు. సదువుకున్నోనివి గదా."

చుట్టాల ఇళ్లలో పాత పెట్టెలన్నీ వెతికాను. నీ ఫోటో ఎవరూ తీయలేదు. అయినా ఈరోజు రాయిమీద ఫోటో ఉంది. తాత దాన్ని తడుముతూ చాలాసేపు నిలబడ్డాడు.

"సూడుర, కండ్లు ఎట్ల గుంజుకపోయినయో. అందరిని సాకి సాకి అలిసిపోయిండు."

ఎప్పుడూ ఏదో ఒక జోకు వేసేవాణ్ని, ఊరికే తలూపాను.

తాతకు చెప్పలేను కాబట్టి నీకు చెబుతున్నాను. ఆ ముఖం నాది. ఫోన్‌లో తలపాగా చుట్టాను, మీసం నెరిసినట్టు చేశాను, ముడతలు పెట్టాను. కళ్లను మాత్రం ముట్టుకోలేదు.