తిరిగొచ్చే సారంగు

దరియాలతిప్ప, యానాం
ఆదివారం

నాన్నా,

చెవులకి ఇక వైద్యం లేదని డాక్టరు తేల్చేశాడట, అక్క చెప్పింది. నువ్వు మాత్రం ఆస్పత్రి నుంచి తిన్నగా విశాఖ హార్బరుకి పోయి, చీకటి పడేదాకా బోట్లు చూస్తూ కూర్చున్నావట. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఫోన్లో చెబితే నీకు వినపడదు. అక్క చేత చెప్పిస్తే నా మాట నా మాటలా ఉండదు. అందుకని కాగితం మీద రాస్తున్నాను. నువ్వొక్కడివే చదువుకో.

మొన్న ఎనిమిదో తరగతి పిల్లలకి కోరంగి రేవు గురించి చెప్పాను. ఒకప్పుడు మన పక్కనే పెద్ద పెద్ద ఓడలు కట్టేవాళ్ళనీ, ఉప్పెన వచ్చి ఆ రేవునే ఊడ్చుకుపోయిందనీ చెబుతుంటే నోళ్ళు తెరుచుకుని విన్నారు. కావ్యాల్లో సంసారాన్ని సముద్రమంటారు, దేవుణ్ణి నావ అంటారు. చిన్నప్పుడు ఆ పద్యాలు చదువుతుంటే ఆ నావ నడిపేవాడు నీలాగే లుంగీ ఎగ్గట్టుకుని ఉంటాడనిపించేది. బోటు నడిపే సారంగుల్లో నిన్ను మించినవాడు లేడని నాకిప్పటికీ నమ్మకం. అందుకే నీ మాట నాలో అంత లోతుగా దిగబడింది.

బోటు మీ అల్లుడి చేతికిచ్చిన రోజు, రేవులో అందరి ముందూ “సతీషుకి సముద్రవంటే బయ్యం” అన్నావు. జనం గొల్లుమన్నారు. ఆ గోలలో నువ్వు ఇంకేమన్నావో గాని, వాళ్ళతోపాటు నువ్వూ నవ్వావు. మా ఆయన తల వంచుకుని తాడు విప్పుకున్నారు. ఇంటికొచ్చాక కూడా ఒక్క మాట అనలేదు. నువ్వంటే ఆయనకి అంత గౌరవం.

పోయిన వారం మూడు బోట్లు కలిసి వేటకి వెళ్ళాయి. గాలి లేదు గాని తూర్పు నుంచి పొడుగాటి కెరటం వస్తోందని ఈయన ఒక్కరే వల వేయకుండా వెనక్కి తిరిగారు. తుపానూ రాలేదు, వానా రాలేదు. మిగతా రెండు బోట్లూ నిండా వంజరం చేపలతో వచ్చాయి. ఒకటి సురేష్‌ది. అతను రేవులో నన్ను పిలిచి, “ఏమ్మా మౌనికా, మీ ఆయన్ని బోటు మానేసి పంటు నడుపుకోమను. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి, బయ్యం ఉండదు” అన్నాడు. మన బోటులో పనిచేసే కళాసీలు ఇద్దరు అప్పుడే అతని బోటులోకి మారిపోయారు.

నాన్నా, ఎవరేమన్నా పడతాను. కానీ వాళ్ళకి ఆ మాట అందించింది నువ్వు. అద్దం ముందు నిలబడి ఆయన గడ్డం గీసుకుంటుంటే, నిజంగానే పిరికివాడేమోనని నేను కూడా ఒక్క క్షణం చూశాను. అలా చూసినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. బోటు అమ్మేద్దామని నిశ్చయించుకున్నాను. కనకాలపేటలో రొయ్యల చెరువుల దగ్గర ఆయనకి పని చూస్తాను. ఆయనకింకా చెప్పలేదు. బోటు నీది కాబట్టి ముందు నీ మాట కావాలి. సరే అని ఒక్క ముక్క రాయి.

నీ కూతురు
మౌనిక

*

దరియాలతిప్ప
శుక్రవారం

నాన్నా,

ముందు ఉత్తరానికి జవాబు రాయకపోతే ఇక రాయకు. ఇది చదువు.

బుధవారం వాయుగుండం కబురొచ్చింది. వేటకి పోవద్దని మైకులో చెప్పారు. బయట ఉన్న బోట్లన్నీ వచ్చేశాయి, సురేష్ బోటు తప్ప. మధ్యాహ్నం అతని భార్య దుర్గాశ్రీకి ఫోనొచ్చింది. బోటు కింద తిరిగే ఫ్యానుకి వల చుట్టుకుని ఇంజను ఆగిపోయిందట, గోదారి సముద్రంలో కలిసే మొగకి అవతల లంగరేసి ఉన్నారట. అంతలో ఫోను తెగిపోయింది. ఆ లంగరు కూడా తెగితే బోటు ఇసక మేట మీద పడి ముక్కలైపోతుందని నీకు నేను చెప్పాలా?

గట్టు మీద అంతమంది మగాళ్ళున్నారు. ఒక్కరూ బోటు వైపు కదల్లేదు. మీ అల్లుడు డీజిలు చూసుకుని, పెద్ద తాడు తెమ్మని సాయిగణేష్‌ని పంపారు. మనతో మిగిలిన ఇద్దరు కళాసీల్లో అతనొకడు. దుర్గాశ్రీ దగ్గరికొచ్చి, “మా ఆయన నోటికొచ్చినట్టు అన్నాడు. అయ్యేమీ మనసులో ఎట్టుకోకన్నయ్యా” అంది. “అయ్యన్నీ ఇప్పుడెందుకమ్మా” అన్నారు ఈయన.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. “మీకు భయం కదా” అన్నాను. అందరూ విన్నారు.

“బయ్యవే. ఎప్పుడు లేదని?” అన్నారు. “మొగ దాకా ఎల్తాను. దారుంటే దూరతాను. లేదంటే తిరిగొచ్చేత్తాను. తిరిగి రావడం నాకలవాటే కదా.” వెటకారంగా అనలేదు నాన్నా. ఉన్నమాట చెబుతున్నట్టు అన్నారు.

నేనూ దుర్గాశ్రీ మొగ కనపడే చోటికి ఆటోలో వెళ్ళాం. మన బోటు మొగ దగ్గర ముక్కు పెట్టి ఆగింది. తెల్లటి కెరటాలు ఒకదాని మీద ఒకటి విరుగుతున్నాయి. కొంచెం ముందుకెళ్ళి వెనక్కి తిరిగింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వెనక్కి తిరిగింది. పక్కనెవరో ఛీ అన్నారు. బోటులో కళాసీలు కూడా పోనిమ్మని అరిచారట, సాయిగణేష్ తర్వాత చెప్పాడు. ఈయన మాత్రం చుక్కాని పట్టుకుని కెరటాలు చూస్తూ నిలబడ్డారట. పెద్దవి వరసగా వచ్చి, వాటి వెనకాల కాస్త నెమ్మదించడం కనిపెట్టి, ఆ సందులో మూడోసారి దూరిపోయారు.

సురేష్ బోటుకి దగ్గరగా పోలేదు. పోతే రెండూ కొట్టుకుని పగిలేవి. ఖాళీ డీజిలు డబ్బాకి తాడు కట్టి నీళ్ళలో వదిలితే, అది తేలుకుంటూ వాళ్ళ దగ్గరికి చేరింది. తాడు కట్టుకున్నారు. ఇక ఇటు తెస్తారని మేం చూస్తుంటే, మన బోటు సముద్రంలోకి తిరిగింది. దాని వెనకే సురేష్ బోటు. రెండూ చిన్నవై చిన్నవై వాన తెరలో కలిసిపోయాయి. దుర్గాశ్రీ నా భుజం పట్టుకుంది. “ఎక్కడికి లాక్కెళ్ళిపోతున్నాడక్కా” అంది. ఆమెని పట్టుకుని నేనూ అటే చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రం దీపాల వేళకి ఫోనొచ్చింది. “కాకినాడ రేవులో ఉన్నాం. అందరం బానే ఉన్నాం. టీ తాగుతున్నాం” అన్నారు మీ అల్లుడు. వెనకాల ఇంకో బోటుని కట్టుకుని ఆ మొగలో దూరితే రెండూ మునుగుతాయట. ఒడ్డుకి దగ్గరగానే కెరటం విరుగుతుంది గాని లోతులో విరగదట. అందుకని లోతుకి లాక్కుపోయి, కాకినాడకి ఎదురుగా ఉన్న హోప్ ఐలాండ్ చుట్టి రేవు చేరారు.

నిన్న సురేష్ మనింటికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, “రెండుసార్లు ఎనక్కి తిరిగితే తిట్టుకున్నానమ్మా. నేనైతే మొదటిసారే దూరేసేవోణ్ణి. అందరం పోయేవోళ్ళం” అన్నాడు. ఈయన లోపల్నించి కుర్చీ తెచ్చి వేశారు, అంతే.

బోటు అమ్మను నాన్నా. ఒకటే అడుగుతున్నాను. ఆ మాట ఎక్కడ అన్నావో అక్కడికే వచ్చి వెనక్కి తీసుకో.

మౌనిక

*

విశాఖపట్నం

అమ్మలూ,

ఉత్తరాలు రెండూ ఒక్కరోజే వచ్చాయి. ఏది ముందు రాశావో చూసుకోక రెండోది ముందు చదివాను. చదివి హార్బర్లో కనపడినవాడికల్లా చెప్పాను. మరీ గట్టిగా చెప్పానేమో, మీ అక్క వచ్చి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. తర్వాత మొదటిది చదివాను. ఆ పూట అన్నం తినలేకపోయాను.

తల్లీ, ఆ రోజు నేనన్నది ఇది. “సతీషుకి సముద్రం అంటే భయం. అందుకే బోటు వాడికి ఇస్తున్నాను. భయం లేనోడికి నా పిల్లనీ ఇవ్వను, నా బోటూ ఇవ్వను.” మొత్తం చెప్పాను. వాళ్ళ నోళ్ళు తెరుచుకోవడం కనిపించింది గాని నవ్వు వినపడలేదు. నా మాట నచ్చి నవ్వుతున్నారనుకుని నేనూ నవ్వాను. సగం మాట ఆ గోలలో మునిగిపోయిందని నాకెలా తెలుస్తుంది? వాడు తల దించుకుంటే పెద్దోడు మెచ్చుకున్నందుకు సిగ్గుపడ్డాడనుకున్నాను.

మీ పెదనాన్నకి భయం లేదు. తొంభై ఆరు తుపానుకి ఇద్దరం మొగ ముందు ఉన్నాం. నేను తిరిగాను, ఆయన తిరగలేదు. ఆయన ఫోటోకి దండ వేస్తావు కదా, నీకు తెలుసు. అప్పటి నుంచీ బోటు ఇవ్వడానికి భయం ఉన్నోడి కోసమే వెతికాను.

ఇంకో సంగతి. లోతుకి లాక్కుపోయి కాకినాడ చేర్చాడన్నావు. నాకైతే ఎలాగైనా ఒడ్డుకి తేవాలనే ఉండేది. కాకినాడ నాకు తోచేది కాదు. నాకంటే పై సారంగు వాడు. ఈ మాట రేవులో అందరి ముందూ చెబుతాను. ఈసారి చివరిదాకా వినపడిందో లేదో నువ్వు పక్కన ఉండి చూడు.

ఇద్దరు కళాసీలు తక్కువయ్యారన్నావు. ఒకడున్నాడని సతీషుతో చెప్పు. వయసైంది, చెవులు లేవు, పని మాత్రం వచ్చు. ఇంజను ఎలా నడుస్తుందో చెక్క మీద కాలు పెడితే తెలుస్తుంది. చేత్తో సైగ చేస్తే చాలు.

వాడు ఒప్పుకుంటే మీ అక్క ఫోనుకి చెప్పు. అప్పుడే రైలెక్కుతాను. సారంగు వాడు. అడగాల్సింది నేను.

మీ నాన్న
పాపారావు