వదిన వేసిన తీగలు

మార్చి 3

ల్యాబ్‌లో పాత డ్రై క్యాబినెట్ ఖాళీ చేస్తుంటే అడుగు అరలో వదిన చేసిన స్పేర్ మాడ్యూల్ దొరికింది. కణాల దారులు పట్టే పిక్సెల్ డిటెక్టర్ బయటి పొరకి మేమిద్దరం మాడ్యూళ్లు కట్టిన రోజుల్లోది. చిన్న సిలికాన్ ముక్క, అంచున వెంట్రుక కన్నా సన్నటి అల్యూమినియం తీగలు. మైక్రోస్కోప్ కింద పెట్టాను. వదిన తీగలు అందరివాటికన్నా రవ్వంత ఎత్తుగా వంగుతాయి, ఎక్కడున్నా గుర్తుపడతాను. కళ్లు చెమర్చి ఏమీ కనపడలేదు.

మా టీమ్ లీడర్ పొడుగాయన్ని అడిగాను. స్పేరే కదండీ, రిటైరయ్యేటప్పుడు పట్టుకెళ్లండి అన్నాడు. చంటిపిల్లలా సంబరపడ్డాను.

మార్చి 4

ఆవిడ మా ఆయన అక్క. పెళ్లయిన కొత్తలో నేను చొక్కాకి గుండీ కుడుతుంటే చూసి, ఈ చేతులు మా ల్యాబ్‌కి కావాలే అమ్మాయ్ అని లాక్కొచ్చింది. ఊపిరి బిగబడితే చెయ్యి వణుకుతుంది, ఏదో ఒకటి పాడుకో అనేది. తనూ పాడేది. ఆ పాట కన్నా తీగలు అతికే ఆ చేతి బాండింగ్ మెషీన్ రొదే నయం!

ముక్కలోంచి దూసుకుపోయే ప్రతి కణమూ ఒక చుక్క పెట్టి పోతుందే, చుక్కలు కలిపితే దాని దారి తెలుస్తుంది, నీ తీగ ఊడితే ఆ చుక్కలు పోయినట్టే అని చెవినిల్లు కట్టుకుని పోరేది. ఆవిడ పోయి రెండేళ్లు. ఆ పోరు లేక పక్క కుర్చీ బోసిగా ఉంది.

మార్చి 11, ఉదయం 10

బయటి పొరలో రెండు మాడ్యూళ్లు మాటిమాటికీ మూగబోతున్నాయట. తీగలు అతికించిన ప్యాడ్ల మీంచి ఊడుతున్నాయేమోనని పొడుగాయన అనుమానం. అదే నిజమైతే, యంత్రం ఆపి ఉంచిన ఈ షట్‌డౌన్‌లోనే పొర మొత్తం పీకి పారేస్తారు. మేమిద్దరం కట్టినదంతా.

కొత్త ఇంజినీరమ్మ, చేత్తో చేసిన పని కదండీ అంది. ఒళ్లు మండింది. చేత్తో కాక కాలితో చేస్తారా అన్నాను.

సాయంత్రం

స్పేర్ అడుగుతున్నారు. పుల్ టెస్ట్ చేస్తారట. చిన్న కొక్కెం తగిలించి ఒక్కో తీగనీ తెగేదాకా లాగడం. మధ్యలో తెగితే అతుకు గట్టిది. ప్యాడ్ మీంచి ఊడి వస్తే చెడ్డది. ఎలా తేలినా ముక్క మీద ఒక్క తీగ మిగలదు.

బలవంతం లేదండీ, కానీ ఆ కాలానిది డిటెక్టర్‌లో బిగించకుండా మిగిలింది ఇదొక్కటే అన్నాడు పొడుగాయన. పాపం, అదీ నిజమే.

మార్చి 12

ఇవ్వను.

మార్చి 14

ఇంట్లో మా ఆయనకి చెప్పాను. అక్క ఉంటే ఏం చేసేది అని అడిగారు.

ఏం చేసేదో నాకు తెలియదా! తన పనికి ఎవరైనా వంక పెడితే, లాగి చూసుకోండి అని తనే కొక్కెం చేతికిచ్చేది. నా భయం తీగలు తెగిపోతాయని మాత్రమే కాదు. ఊడితే? జవాబు చెప్పుకోవడానికి మనిషి లేనప్పుడు ఆవిడ పనికి మాట వస్తే నేను తట్టుకోలేను. ఆ మాటే అన్నాను. అలమరలో దాచుకుంటే మాత్రం ఆ మాట ఆగుతుందా అన్నారు. ఇద్దరం కాసేపు ఏడ్చాం.

మార్చి 17, మధ్యాహ్నం 2

నేనే లాగుతానన్నాను. ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. కొక్కెం మొదటి తీగ కిందికి పోనిస్తుంటే చెయ్యి ఒకటే వణుకు. సిగ్గు విడిచి అందరి ముందూ కూనిరాగం తీశాను. తీగ మధ్యలో తెగింది. రెండోదీ అంతే. ఇంజినీరమ్మ పక్కన కూర్చుని అంకెలు చదువుతూ చదువుతూ, ఎవరండీ ఈవిడ అని అడిగింది. మా వదిన అన్నాను. తర్వాతి తీగకి కొక్కెం తగిలించాను.

ఇంకా సగం వరస ఉంది. కాఫీకని లేచి ఇది రాస్తున్నాను. అంత అందమైన పనిని నా చేత్తో నేనే తెంపుతున్నాను.

మార్చి 18

పొరని కదపరు. తప్పు ఏదో కేబుల్‌లో ఉందట, వెతుక్కుంటున్నారు.

వదినా, ఒక్కటంటే ఒక్కటి కూడా ఊడలేదు.