జామచెట్టు మీద నువ్వు కట్టిన వల

భవానీపురం,
మంగళవారం మధ్యాహ్నం

అన్నయ్యకి మణి దండం పెట్టి రాస్తోంది.

మా పెరట్లో జెముడుకాకిని చంపింది మన వల. ఆ వల కట్టింది నువ్వు. ముందు ఈ మాట రాయకపోతే నా చెయ్యి సాగదు.

ఇప్పుడు క్షేమం అడుగుతాను. నువ్వూ వదినా అమ్మా బాగున్నారనుకుంటాను. అమ్మ మోకాలికి నూనె రాయించుకుంటోందా? నా గురించి బెంగ వద్దు. కళ్ళలో పచ్చదనం తగ్గింది, నీరసం మాత్రం వదలడం లేదు. తిండి ఇడ్లీ, మజ్జిగన్నం, మళ్ళీ మజ్జిగన్నం. పక్కింట్లో చేపల పులుసు కాగితే ఏడుపొస్తుంది. ఎండలు ముదిరాయి. బట్టల కొట్లో నా చోట ఇంకో అమ్మాయిని పెట్టుకున్నారు. జబ్బుపడ్డ మనిషిని తీసెయ్యడం ఏం న్యాయమని ఫోన్ చేసి అడిగాను. "ముందు నీ కామెర్లు తగ్గనీవమ్మా, ధర్నా తర్వాత చేద్దువుగాని" అన్నాడు మేనేజరు. వాడి సంగతి లేచాక చూస్తాను. బాగానే ఉన్నానని అమ్మకి మళ్ళీ చెప్పు.

నిన్న ఫోనులో ఈ సంగతి చెప్తే నువ్వు నవ్వావు, నేను అరిచాను, నువ్వు పెట్టేశావు. కాగితాన్ని పెట్టెయ్యలేవు గనక రాస్తున్నాను.

మనూళ్ళో పిట్టలు గుంపులు గుంపులు. ఒక్కదాన్నైనా నిలబడి చూడాలని ఎప్పుడూ తోచలేదు. ఇక్కడ గది వెనక మంచం వేసుకుంటే చూడడం తప్ప పని లేదు. ఉడతలు, తొండలు, గోడవారన దొంగలా పోయే ముంగిస. అన్నిటికంటే జెముడుకాకుల జంటే నాకు తోడు. ఒళ్ళు నలుపు, రెక్కలు ఇటుకరంగు, కళ్ళు ఎరుపు. పంచె ఎత్తిపట్టుకుని బురద దాటే పెద్దమనిషిలా నడుస్తాయి. కాగితప్పూల పొదలో గూడు కట్టి పిల్లల్ని చేశాయి. అవి కనబడితే మా ఇంటి ఓనరు పిన్నిగారు శకునం మంచిదని దండం పెడుతుంది.

"శకునాలన్నీ మనుషుల్ని లొంగదీయడానికి పుట్టించినవండీ పిన్నిగారూ" అన్నాను.

"సర్లేవమ్మా, నువ్వు చదివే కరపత్రాల్లో పిట్టకి దండం పెట్టొద్దని రాశారా ఏంటి?" అంది.

కిందటి నెల నువ్వు నన్ను చూడ్డానికి వచ్చావు. మనవాళ్ళు ఎక్కడికెళ్ళినా చేపలు పట్టుకెళ్తారు. నాకేమో చేప కూడదు, పిన్నిగారింట్లో నీచు తగలకూడదు. ఒట్టి చేతులతో రాలేక, చేపల చెరువుల మీద పిట్టలకి అడ్డంగా కట్టే సన్నవల తెచ్చావు. చిలకలు ఒక్క జామకాయా మిగల్చడం లేదని ఆవిడ అందో లేదో, లుంగీ ఎగ్గట్టి చెట్టెక్కావు. "మా చెల్లి పళ్ళు తినాలంటండీ, డాక్టరుగారు చెప్పారు" అన్నావు. ఆ మాట గుర్తొస్తే నీ మీద కోపం నిలవడం లేదు. అయినా రాస్తాను.

నిన్న పొద్దుటి నుంచీ ఒక జెముడుకాకి పిలుస్తూనే ఉంది. రెండోది పలకలేదు. గోడ పట్టుకుని చెట్టు కిందకి నడిచాను. ఆకుల మధ్య తలకిందులుగా వేలాడుతోంది అన్నయ్యా. మెడ చుట్టూ దారం, తెరిచిన నోరు, కంట్లో చీమలు. నేను చూస్తుండగానే జతది దాని దగ్గరికొచ్చి అదే వలలో చిక్కుకుంది.

పిన్నిగారు పరుగున కత్తిపీట తెచ్చింది. "అది కాదండీ, బ్లేడు!" అని అరిచాను. ఆవిడ పిట్టని చీరకొంగులో పట్టుకుంది, నేను దారాలు కోశాను. అది నా వేలు పొడిచి, రెక్క ఈడ్చుకుంటూ పొదలో దూరింది. ఇవాళ ఎగరలేక, నడుచుకుంటూనే గూటికి నత్తల్ని మోస్తోంది. లోపల పిల్లలు ఒకటే గోల. ఒక్కత్తీ ఎన్నింటిని మేపుతుంది?

మనూరి చెరువుల మీదా ఇదే వల. పొద్దున్నే గట్టు మీద వేలాడే కొంగల్ని తెంపి అవతల పారేస్తారు, ఎవరూ ఒక్క మాటనరు. దోపిడీ గురించి ఇంత చదివాను, ఈ చావు ఏ కాగితంలోనూ లేదు.

"వలన్నాక పడతాయే. చేపలు పోతే చెరువు ఓనరు నా కూలి కోస్తాడు, నీ జెముడుకాకి ఇస్తదా?" అన్నావు నిన్న ఫోనులో. నిజమే, ఇవ్వదు. వల మానెయ్యమని నేననను. వదులుగా వేలాడే సన్నదారం పిట్ట కంటికి ఆనదు. లావుతాడు కొనివ్వమని, బిగించి కడతామని ఓనరుని అడగండి. ఒక్కడివే అడిగితే నీ పని పోతుంది, నాకు తెలుసు. కట్టేవాళ్ళందరూ కలిసి అడిగితే ఎవరిని మానిపిస్తాడు?

అమ్మ పాదాలకి నమస్కారం, నన్ను దీవించమను. వదినని అడిగానని చెప్పు. నేనక్కడికొచ్చి తిరిగెళ్ళేటప్పుడు నా పాత దుప్పటి తెచ్చుకోవాలి, ఉతికి ఉంచమను. ఇక్కడ జామచెట్టు మీది వల పిన్నిగారే విప్పేసింది, కాయలు చిలకలు తింటున్నాయి. ప్రయాణం వద్దని డాక్టరుగారు అన్నారు గానీ హనుమాన్ జంక్షన్ దాకా బస్సులో కూర్చునే రాగలను. శనివారం సాయంత్రం అక్కడికి బండి వేసుకురా.

ఆదివారం పొద్దున ఏడింటికి, చెరువు ఓనరు చేపల మేత చూసుకోవడానికి వచ్చే వేళకి, వల కట్టేవాళ్ళందరూ పెద్దచెరువు గట్టు మీదికి రావాలి. అందరికీ చెప్పు. ముందు నువ్వు నిలబడు, నీ పక్కన నేనుంటాను.

నీ చెల్లెలు,
మణి