పది నిమిషాల మధ్యలో

మే 2012, మంగళవారం

విమానాశ్రయం పక్కన మా గోదాంలో, టీకా మందుల కోల్డ్ రూమ్ సెన్సర్ క్షణక్షణం ఉష్ణోగ్రత పంపుతూనే ఉంటుంది. స్క్రీన్ నిండిపోతోందని, పది నిమిషాలకు ఒక్క రీడింగే తీసుకునేలా రెండు నెలల కిందట మార్చింది నేనే. మిగతావాటిని నా ప్రోగ్రాం వచ్చినవి వచ్చినట్టే పారేస్తుంది.

ఈ మధ్యాహ్నం వెళ్ళేసరికి ఆ గది తలుపుకి రాయి అడ్డం పెట్టి ఉంది. హమాలీ మల్లేశన్న వాచీ చూసుకుంటూ పెట్టెలు మోస్తున్నాడు. తలుపు ఎందుకు తెరిచి పెట్టావని అడిగాను.

"పరేషాన్ గాకుండ్రి మేడం. మీ మిషన్ పది నిమిషాలకోపారి చూస్తది. దానికి జర ముందల మూస్తం, మల్ల చల్లగైతది. రెండు నెలల సంది గిట్లనే నడుస్తుంది. ఎన్నడన్న ఎర్ర లైటు వచ్చిందా?"

రాలేదు. గ్రాఫ్ తెరిచి చూశాను, గీత గీసినట్టు తిన్నగా ఉంది. పోయిన వారం మేనేజరు దాన్నే అందరికీ చూపించి నన్ను మెచ్చుకున్నారు. ఆ చుక్కల మధ్య గది ఎంత వేడెక్కిందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. పెట్టెలు మాత్రం ఎప్పటికప్పుడు మహేశ్వరం దాకా దవాఖానలకు వెళ్ళిపోయాయి.

సాయంత్రం మహేశ్వరం నుంచి అక్క ఫోన్ చేసింది. "రేపు పొద్దుగాల బాబుకు సూది ఏపిస్తనే. కొత్త మందు వచ్చిందంట."

వద్దంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే నా ఉద్యోగం...

సరే అక్కా అన్నాను. ఎనిమిదింటికి బయలుదేరుతుందట.