పాలు మాడిన శుక్రవారం

ప్రమీలా,

ఉదయం 8.10కి ఆరోగ్య కేంద్రం నుంచి ఫోన్ వచ్చింది. పోయిన వారం సర్వేకని మన వీధిలో తీసుకున్న రక్త నమూనాల్లో, నా దాంట్లో కరోనా యాంటీబాడీలు ఉన్నాయట. అంటే నాకు ఎప్పుడో వచ్చి, తెలియకుండానే తగ్గిపోయింది. ఇప్పుడు భయం లేదన్నారు. ఇల్లంతా బ్లీచింగ్ చల్లకు.

అత్తయ్యగారికి ఇడ్లీ పెట్టాక బీపీ మాత్ర ఇవ్వు. ఖాళీ సిలిండర్ వరండాలో పెట్టాను.

ఫోన్ పెట్టేశాక నా డైరీ తీశాను. జూలై 3న పాలు మాడిపోయాయి. నేను వంటింటి గుమ్మం పక్కనే కూర్చుని వార్త రాసుకుంటున్నాను, వాసన తెలియలేదు. నువ్వు పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి, "ముక్కు ఆఫీసులో పెట్టొచ్చారా ఏంటండీ?" అన్నావు.

అదే నెల 14న అత్తయ్యగారికి జ్వరం. అంతకుముందు వచ్చి వెళ్ళిన మీ తమ్ముడే అంటించాడన్నావు. ఆవిడ కోలుకున్నాక తల్లిని చూడడానికి అతను వస్తే, "మళ్ళీ ఈ గుమ్మం తొక్కకురా" అన్నావు. శ్యాంప్రసాద్ తిరిగి చెప్పులు వేసుకున్నాడు. నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు.

ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఈ పరీక్ష చెప్పదు. అయినా అతనికి నేనే చెప్పాలి. 9.05 బస్సుకి బాపట్ల వెళ్తున్నాను. నువ్వు బజారు నుంచి వచ్చేదాకా ఆగితే వెళ్ళనివ్వవు. సాయంత్రం అతన్ని తీసుకురావాలని ఉంది. వస్తాడో రాడో తెలియదు. బియ్యం ఒక మనిషికి ఎక్కువ పొయ్యి.

మధుసూదన్

తేదీలు మళ్ళీ సరిచూశాను. పాలు మాడింది శుక్రవారం. శ్యాంప్రసాద్ మన ఇంటికి వచ్చింది ఆ తరువాతి గురువారం.